హాజరు వేయని గంట

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారు మీ చేతిలో ఒక కాగితం పెడతారు. రోజూ అసెంబ్లీలో ప్రార్థన, మధ్యాహ్నం పన్నెండుకి త్రికాల జపం, మొదటి శుక్రవారం పూజ, కథోలిక పిల్లలకి జ్ఞానోపదేశం, మిగతా పిల్లలకి నీతిబోధ, అక్టోబరులో జపమాల, డిసెంబరులో క్రిస్మస్ ప్రోగ్రాం. కింద చాప్లిన్ అని రాసి పక్కన మీ పేరు. మీరు ఫాదర్‌గారు కావచ్చు, సిస్టర్ కావచ్చు, బ్రదర్ కావచ్చు, గుళ్లో పాటలు బాగా పాడతారని ఈ పని అంటగట్టిన లెక్కల టీచరైనా కావచ్చు.

ఆ కాగితం మీద ఉన్నవన్నీ మీరు లేకపోయినా జరిగిపోతాయి. బెల్లు కొడితే పిల్లలు లేస్తారు. పీఈటీ సారు విజిల్ వేస్తే వరుస కడతారు. పరలోక జపం, మంగళవార్త జపం ఆరో తరగతి పిల్లలు నిద్రలో కూడా తప్పు లేకుండా చెబుతారు, హిందూ పిల్లలు, ముస్లిం పిల్లలతో సహా. బడికి హాజరు వేయించుకునే శక్తి ఉంది కాబట్టి ప్రార్థనకీ హాజరు వేయించుకుంటుంది. మీ అసలు పని హాజరు పట్టీ చేరని చోట ఉంది. ఆ చోటు ఏ బడిలోనూ తయారుగా ఉండదు, మీరే కల్పించుకోవాలి.

దానికి ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. మన వైపు ఆర్‌సీఎం బడి అంటే చాలాచోట్ల విచారణ గురువే కరస్పాండెంట్. ఫీజు బకాయిల జాబితా ఆయన టేబుల్ మీదే ఉంటుంది, ఆదివారం ప్రసంగమూ ఆయనదే. ఫీజు కట్టలేదని శుక్రవారం క్లాసు బయట నిలబెట్టిన పిల్లవాడు శనివారం సాయంత్రం అదే మనిషి ముందు మోకరించి మనసు విప్పాలి. విప్పడు. నేర్చుకొచ్చిన మూడు పాపాలు వరసగా అప్పజెప్పి లేచిపోతాడు. అబద్ధం ఆడాను, తమ్ముణ్ని కొట్టాను, ప్రార్థన మరిచిపోయాను. మీరూ చిన్నప్పుడు ఇవే చెప్పి ఉంటారు.

ఈ సంగతి శ్రీసభకి తెలియనిది కాదు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 985వ సూత్రం ఇందుకే ఉంది. విద్యాసంస్థని నడిపే అధిపతి తనతో ఒకే ఇంట్లో ఉండే విద్యార్థుల పాపసంకీర్తనం వినకూడదు, వాళ్లంతట వాళ్లు కోరితే తప్ప. దానికి ముందున్న 984 మరీ కరుకు. పాపసంకీర్తనంలో తెలిసినదాన్ని అధికారంలో ఉన్న గురువు పాలన వ్యవహారాల్లో ఏ రకంగానూ వాడకూడదు. బోర్డింగ్ నడిపే ఫాదర్లు ఈ రెండూ సెమినరీలో చదివే వస్తారు. కానీ ఆచరణలో, మనిషి లేడు, టైము లేదు అని తామే కూర్చుంటారు. కూర్చోకండి. పక్క విచారణ ఫాదర్‌తో ఒప్పందం చేసుకోండి. మీ పిల్లల దగ్గరికి ఆయన, ఆయన పిల్లల దగ్గరికి మీరు. పెట్రోలు ఖర్చు తప్ప ఇంకేం కాదు. మీరు గురువు కాకపోయినా సూత్రం అదే. క్రమశిక్షణ కమిటీలో మీ పేరుంటే తీసేయమని అడగండి. ఫీజు వసూలు, యూనిఫాం తనిఖీ, లేటుగా వచ్చినవాళ్ల గేటు డ్యూటీ, ఈ మూడూ వద్దని ఏడాది మొదట్లోనే చెప్పేయండి. మొహమాటపడితే సెప్టెంబరుకల్లా మీరూ ఇంకొక సారు అయిపోతారు.

పిల్లల్ని బలవంతపెట్టొద్దన్న మాట డాన్ బోస్కో 1877లోనే రాసిపెట్టాడు. టూరిన్ వీధుల్లో తిరిగే కుర్రాళ్లని చేరదీసి, పని నేర్పి, చదువు చెప్పించినవాడు. తరచూ పాపసంకీర్తనం, తరచూ సత్ప్రసాదం తన విద్యావిధానానికి స్తంభాలని చెబుతూనే, వాటికోసం పిల్లల్ని ఎప్పుడూ బలవంతపెట్టొద్దని అక్కడే హెచ్చరించాడు. ప్రోత్సహించు, వీలు కల్పించు, అంతవరకే. ఆయన పేరు మీద నడిచే బడుల్లో కూడా ఈ సగం మాట మరుగున పడిపోవడం నేను చూశాను.

మరి పాపసంకీర్తనం రోజు ఎలా నడపాలి? తొమ్మిదో తరగతి మొత్తాన్ని వరండాలో నిలబెట్టి, క్లాస్ టీచర్ లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కరినీ లోపలికి తోస్తే అది టీకాల క్యాంపు. ఇద్దరు గురువుల్ని పిలవండి, ఒకరు బయటివాళ్లయి ఉండాలి. పీరియడ్ అంతా చాపెల్‌లో నిశ్శబ్దంగా గడుస్తుందని, వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లొచ్చని, వెళ్లనివాళ్లు కూర్చుని చదువుకోవచ్చని ముందురోజే చెప్పండి. ఎవరు వెళ్లారో చూడకుండా ఉండటానికి టీచర్లని వెనక బెంచీల్లో కాదు, బయట కూర్చోబెట్టండి. మొదటిసారి సగంమంది కూడా లేవకపోవచ్చు. కంగారుపడకండి. లేచినవాళ్లు మాత్రం తమ్ముణ్ని కొట్టిన సంగతి దాటి మాట్లాడతారు.

ఇక తాళం. చాలా బడుల్లో చాపెల్ తాళంచెవి ఆఫీసు గుత్తిలో ఉంటుంది. లోపలికి పోవాలంటే పిల్ల అటెండర్‌ని అడగాలి, అటెండర్ క్లర్క్‌ని అడగాలి, క్లర్క్ తలెత్తి ఎందుకు అని అడుగుతాడు. అంతే, ఆ పిల్ల మళ్లీ అడగదు. లంచ్ బెల్ నుంచి మధ్యాహ్నం మొదటి పీరియడ్ దాకా, సాయంత్రం చివరి బెల్ నుంచి బస్సులు కదిలేదాకా తలుపు తీసి ఉంచండి. మొదట్లో వచ్చేది ఫ్యాను కోసం వచ్చేవాళ్లు, ఎండకి తట్టుకోలేనివాళ్లు, హోంవర్క్ ఎక్కించుకునేవాళ్లు, పీఈటీ సారుకి దొరక్కుండా దాక్కునేవాళ్లు. రానివ్వండి. వెనక బెంచీలో కూర్చుని మీ పని మీరు చేసుకోండి, ప్రసంగం మొదలుపెట్టకండి. దసరా సెలవులు దాటాక ఒకరిద్దరు ఫ్యాను కిందనుంచి లేచి మీ బెంచీ దాకా వస్తారు.

వాళ్లు తెచ్చే ప్రశ్నలు జ్ఞానోపదేశం పుస్తకంలో ఉండవు. స్నేహితురాలు పెట్టిన బొట్టు ఉంచుకోవచ్చా? మామయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడు, వాళ్లింటికి పోవచ్చా? నాన్న గుడికి రాడు, తాగుతాడు, ఆయన సంగతేంటి? ఏడో తరగతి పిల్లవాడొకడు బెంచీ అంచు గోకుతూ అడిగాడు.

"ఫాదర్, వినాయక చవితి ప్రసాదం తింటే పాపమా?"

"ఎవరు పెట్టారు నాన్నా?"

"పక్కింటి ఆంటీ. ఉండ్రాళ్లు."

"తిన్నావా?"

"లేదు ఫాదర్. మా అమ్మ తినొద్దంది. పిల్లికి వేశాను." కాసేపు ఊరుకున్నాడు. "ఆంటీ చూసింది."

ప్రశ్న మొత్తం ఆ చివరి మాటలో ఉంది. మీరు పాపమా కాదా అన్నదానికి జవాబు వెతుకుతూ కూర్చుంటే వాడికి కావలసింది దొరకదు. రేపు మెట్ల మీద ఎదురుపడే ఆంటీ మొహం ఎలా చూడాలన్నది వాడి బాధ. ముందు అది తేల్చండి. వెళ్లి ఏం చెప్పొచ్చో ఇద్దరూ కలిసి అనుకోండి. మా ఇంట్లో తినం ఆంటీ, పిల్లికి వేయకుండా మీకే చెప్పాల్సింది అంటే చాలు, పెద్ద మనసున్న మనిషైతే నవ్వేస్తుంది. ఆ తర్వాత కావాలంటే కొరింతు సంగతి చెప్పండి. విగ్రహాలకి అర్పించిన మాంసం తినొచ్చా అన్న తగవు అక్కడి తొలి క్రైస్తవుల్లోనూ వచ్చింది. పౌలు వాళ్లకి రాసిన మొదటి లేఖ ఎనిమిదో అధ్యాయంలో తిండి గురించి కంటే పక్కవాడి మనస్సాక్షి గురించే ఎక్కువ మాట్లాడాడు. ఒక్క జాగ్రత్త. వాణ్ని వాళ్లమ్మ మీదికి ఎగదోయకండి. అమ్మ చెప్పింది తప్పని మీ నోటినుంచి వస్తే ఇంట్లో దెబ్బలు తినేది వాడు.

కొన్ని ప్రశ్నలు ఇంత తేలిక కావు. ఎవరో తాకారని, ఇంట్లో కొడుతున్నారని, బతకాలని లేదని పిల్లలు చెప్పే రోజొకటి వస్తుంది. అప్పుడు ఆలోచించుకుందాం అనుకుంటే కుదరదు, ముందే సిద్ధంగా ఉండాలి. మాట్లాడే గది తలుపుకి అద్దం ఉండాలి, లేదా తలుపు తీసే ఉండాలి. వినడం మొదలుపెట్టకముందే ఒక మాట చెప్పండి. "నువ్వు చెప్పింది నేను ఊరంతా చెప్పను. కానీ నీకు హాని జరుగుతోందని తెలిస్తే, దాన్ని ఆపగలిగినవాళ్లకి చెప్పక తప్పదు." ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి, ఆ ఒట్టు మీరు నిలుపుకోలేరు. పాపసంకీర్తనం ముద్ర, అంటే విన్నది ఎవరికీ చెప్పకూడదన్న నియమం, పాపసంకీర్తనానికే వర్తిస్తుంది, బెంచీ మీది కబుర్లకి కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. బడి పరువు, సభ పరువు అంటూ పెద్దలు సర్దుబాటుకి వస్తారు. వాళ్లతో వాదన పెట్టుకుంటూ రెండు రోజులు పోగొట్టకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416. ఈ రెండు నంబర్లూ చాపెల్ నోటీసు బోర్డు మీద, నవదిన జపాల షెడ్యూల్ పక్కనే అంటించండి. మీ దగ్గరికి రావడానికి జంకే పిల్ల ఆ గోడ దగ్గరికి వస్తుంది.

ఇంతకీ మీ బడిలో ఎవరున్నారో మీకు తెలుసా? పట్నాల్లోని కాన్వెంట్లలో కథోలిక పిల్లలు కొద్దిమందే. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకి బడి పెట్టుకునే హక్కిచ్చింది. అయితే 28వ అధికరణ మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు పొందిన లేదా ఎయిడ్ తీసుకునే ఏ బడీ పిల్లల్ని మతబోధలోనో ఆరాధనలోనో కూర్చోమని బలవంతపెట్టడానికి వీల్లేదు. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చట్టం కోసం కాకపోయినా ఇది మీకే మంచిది. బలవంతంగా మోకరించిన పిల్లవాడు పెద్దయ్యాక చర్చి గేటు చూస్తే మొహం తిప్పుకుంటాడు. తనంతట తాను చాపెల్‌లో కూర్చున్న హిందూ పిల్ల పెళ్లయి అమెరికా పోయినా ఆ బెంచీ గురించి చెబుతుంది.

క్లాసులో "కాథలిక్స్ చేతులెత్తండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. మన రాష్ట్రాల్లో ఈ ఒక్క మాట వెనక పెద్ద కథ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకి ఎస్సీ హోదా ఉండదు. వాళ్లని బీసీ-సి కింద చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందుకని ఆదివారం పూజకి పోయే ఎన్నో కుటుంబాల సర్టిఫికెట్ మీద హిందూ అని ఉంటుంది. స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, రేపటి ఉద్యోగం అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. మీరు చేతులెత్తమంటే ఆ పిల్ల ఎత్తాలా, వద్దా? పక్కనున్న పిల్లలు చూస్తుంటారు. ఎత్తకపోతే దేవుణ్ని కాదన్నట్టు, ఎత్తితే అమ్మానాన్నల్ని పట్టించినట్టు. పన్నెండేళ్ల మనసు మీద వేయదగ్గ బరువు కాదిది. జ్ఞానోపదేశం తరగతికి పేర్లు కావాలంటే విచారణ కుటుంబ పుస్తకం చూసుకోండి, లేదా తల్లిదండ్రులతో విడిగా మాట్లాడండి.

సత్ప్రసాదం వరుస ఇంకో ముళ్లపొద. సీఎస్ఐ పిల్లలు, బాప్టిస్టు పిల్లలు, పెంతెకొస్తు పాస్టరుగారి అబ్బాయి, స్నేహితురాలి వెనకే నడిచొచ్చిన హిందూ పిల్ల, అందరూ ఒకే వరుసలో నిలబడతారు. బలిపీఠం దగ్గర ఆపి "నువ్వు కాథలిక్కేనా?" అని అడిగితే ఆ పిల్ల జన్మలో మరిచిపోదు. ముందురోజు క్లాసులో చెప్పండి. ప్రథమ సత్ప్రసాదం తీసుకున్న కథోలికులు తీసుకుంటారు, మిగతావాళ్లు కావాలంటే చేతులు గుండెల మీద కట్టుకుని వస్తే గురువు దీవిస్తారు, కూర్చుని ఉండిపోయినా తప్పేం లేదు. ఎందుకని అడిగితే నిజం చెప్పండి. క్రైస్తవ సంఘాల మధ్య ఇంకా కుదరని విషయమిది, పెద్దల మధ్య తేలని లెక్క. పిల్లలు దీన్ని మనమనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

క్యాలెండర్ గురించి. సభ సంవత్సరానికీ మన బడి సంవత్సరానికీ పడదు. తపస్సుకాలం వచ్చేది పదో తరగతి ప్రీ-ఫైనల్స్, ఫైనల్స్ నడుమ. 2027లో ఈస్టర్ మార్చి 28, పరీక్షల నెలే. సిలువ మార్గం చేయిద్దామంటే పిల్లల చేతిలో బిట్ పేపర్లుంటాయి. క్రిస్మస్‌ని సెలవులకి ముందే చేసేస్తాం కాబట్టి ఆగమన కాలం డాన్సు రిహార్సల్స్‌లో కొట్టుకుపోతుంది. అక్టోబరు జపమాల నెలని దసరా సెలవులు చీలుస్తాయి. కాబట్టి వడకం (రిట్రీట్) జులైలో పెట్టండి, అప్పటికి పరీక్షల గోల ఉండదు. ఆగస్టు 15న జెండా పండుగ, మరియమాత మోక్షారోపణ పండుగ ఒకేరోజు. పిల్లలెలాగూ వస్తారు, జెండా వందనం అయ్యాక చాక్లెట్ చేతిలో పెట్టి పంపేయకుండా ఉన్నవాళ్లతో పూజ చేసుకోవచ్చు. సెప్టెంబరు 5 టీచర్స్ డే, మదర్ థెరెసా పండుగ కూడా. ఆమె 1997లో కన్నుమూసింది ఆ రోజే. నవంబరు మృతుల నెల. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ పిల్లలకి అత్యంత అవసరమైన నెల ఇదేనని నా అభిప్రాయం. తాతయ్య పోయిన పిల్ల, నాన్న పోయిన పిల్లవాడు ప్రతి క్లాసులో ఉంటారు, వాళ్లతో ఎవరూ ఆ మాట ఎత్తరు. చాపెల్‌లో ఒక నోటుబుక్కు పెట్టి, పోయినవాళ్ల పేర్లు ఎవరైనా రాయొచ్చని చెప్పండి. పెంపుడు కుక్క పేరు కూడా కనబడుతుంది. కొట్టేయకండి.

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదల కొండ మీద మరియమాత తిరునాళ్లు. ఆ కొండ మీద 1924లో మాత స్వరూపం పెట్టించింది అక్కడి అనాథాశ్రమం చూసుకుంటున్న ఫాదర్ ఆర్లాటి. ఇవాళ అన్ని మతాలవాళ్లూ తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వస్తారు. పదో తరగతి పిల్లల మొక్కులూ అక్కడే చేరతాయి. మన చాపెల్‌లో దానికి చిన్న తమ్ముడు హాల్‌టికెట్ల దీవెన. పళ్లెంలో హాల్‌టికెట్లు, పెన్నులు, ఎవరో ఒకరు పెట్టే జామెట్రీ బాక్సు. కొందరు ఫాదర్లకి ఇది మూఢనమ్మకంలా కనబడి చిరాకు. నాకు లేదు. ఏడాదంతా దేవుడి ఊసెత్తని పిల్లలు కూడా తమంతట తాము నడిచొచ్చే రోజది. హాజరు వేయనక్కర్లేదు. అయితే ఆ రోజు చెప్పే నాలుగు మాటలు జాగ్రత్తగా చెప్పాలి. ప్రార్థిస్తే మంచి మార్కులు వస్తాయని చెప్పకండి, రాని పిల్ల తన విశ్వాసం చాల్లేదనుకుంటుంది. ఫలితాల రోజు ఆ అనుమానం ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు మన రాష్ట్రాల్లో తక్కువేం కాదు. ఫెయిలైనా ఈ తలుపు తీసే ఉంటుందని చెప్పండి. తేదీతో సహా చెప్పండి, ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం నేనిక్కడే ఉంటానని. ఉండండి.

ప్రార్థన ఒక్కటే విశ్వాస జీవితం అనుకునే పిల్లలకి వైసీఎస్ (యువ క్రైస్తవ విద్యార్థుల) బృందం పనికొస్తుంది. అన్ని మతాల పిల్లలూ కలిస్తే వైఎస్ఎం. దీని పద్ధతి బెల్జియం గురువు జోసెఫ్ కార్డైన్‌ది, 1925 ప్రాంతంలో కార్మిక యువకుల కోసం నిలదొక్కుకున్నది. చూడు, బేరీజు వెయ్యి, చెయ్యి. మొదటి మీటింగ్‌లో ప్రపంచ శాంతి గురించి మాట్లాడనివ్వకండి. బడిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేదొకటి చెప్పండి అంటే ఆడపిల్లలు కాసేపు ఒకరినొకరు చూసుకుని బాత్రూంలో నీళ్లు రావంటారు. చూడమనండి. ఏ పీరియడ్‌లో రావు, ట్యాంకు ఎప్పుడు నింపుతారు, ఆయమ్మ ఏమంటుంది, ఎంతమంది అందుకే నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా కూర్చుంటున్నారు. బేరీజు వేసేటప్పుడు సువార్త తెరవండి, బావి దగ్గర సమరియ స్త్రీ కథ యోహాను నాలుగో అధ్యాయంలో ఉంది. ఆ కథ అప్పటిదాకా వాళ్లు వినని కథలా వినబడుతుంది. తర్వాత ప్రిన్సిపాల్‌గారికి వాళ్లే ఉత్తరం రాయాలి, వాళ్లే పట్టుకెళ్లాలి. మీరు ముందుగా వెళ్లి చెవిలో ఊది దారి సుగమం చేయకండి. ప్రిన్సిపాల్‌కి కోపమొస్తే ఆ కోపాన్ని భరించడం మీ వంతు.

పదో తరగతి అయిపోయాక ఎక్కువమంది వెళ్లేది ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలకి. పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్టు. మీరు పదేళ్లలో నేర్పినదంతా అక్కడ తీరిక లేక ఎండిపోతుంది. అందుకని చివరి నెలలో పొడుగాటి ప్రార్థనలు నేర్పకండి. పునీత ఇగ్నేషియస్ తన సహచరులకి నేర్పిన ఆత్మపరిశీలనని ఐదు నిమిషాలకి కుదించి ఇవ్వండి. లైటు తీశాక, మంచం మీదే. ఇవాళ దేనికి థాంక్స్ చెప్పాలి, ఎక్కడ మనసు చివుక్కుమంది, రేపు ఎవరితో మాట కలుపుకోవాలి. పుస్తకం అక్కర్లేదు, పక్క మంచం వాడికి తెలియనక్కర్లేదు.

తల్లిదండ్రులతో మే నెలలోనే మాట్లాడండి. అడ్మిషన్‌కి వెళ్లిన రోజే వార్డెన్‌ని కూర్చోబెట్టి, నెలకి ఒక్క ఆదివారమైనా పూజకి పంపిస్తామన్న మాట తీసుకోమనండి, వీలైతే అవుటింగ్ కార్డు మీద రాయించుకోమనండి. ఫీజు మొత్తం కట్టేశాక ఆ మాట ఎవరూ వినరు. కాలేజీకి దగ్గర్లో ఏ విచారణ ఉందో, ఆదివారం పూజ ఎన్నింటికో, అక్కడి ఫాదర్ ఫోన్ నంబరేంటో మీరు కనుక్కుని ఒక చీటీ మీద రాసి పిల్లవాడి చేతికే ఇవ్వండి. ఆ ఫాదర్‌కి మీరే ఫోన్ చేసి, వీడు మొదటిసారి వచ్చినప్పుడు కాస్త పలకరించమని చెప్పండి.